ఇరవై మూడో గుర్తు

శుక్రవారం పగటిపూట అన్నం తిని, చెయ్యి కడుక్కుని, బుచ్చవ్వ తన మనవరాలి కాగితం మీదున్న పెన్సిల్ గుర్తులన్నీ రబ్బరు పెట్టి తుడిచేసింది. ఒకటీ రెండూ కాదు, ఇరవై మూడు. లెక్కపెట్టుకుంటూ మరీ తుడిచింది. రాలిన పొట్టు కొంగుతో దులిపి, కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి, చీర వెనకభాగం చూసుకున్నట్టు చూసుకుంది. ఆనవాలు లేదు. మనసుకు ఎంత నిమ్మళమైందో చెప్పలేం.

ఆమెను అనడానికీ లేదు. ఆమె ఎరిగిన లోకంలో గుర్తు అంటే తప్పు. సూరత్‌లోని ఖటోదరాలో ఆ గల్లీ పొడుగునా ఆడవాళ్ళు చేసే పని అదే కదా. ఎంబ్రాయిడరీ మిషన్ల మీంచి దిగిన చీరలు మూటలుగా ఇళ్ళకు వస్తాయి. చీర తిరగేసి, పువ్వుకూ పువ్వుకూ నడుమ వెనకాల వేలాడే దారాలను ఒక్కొక్కటే ఎత్తి కత్తిరించాలి. ధాగా కటింగ్ అంటారు దాన్ని. కత్తిరించినవి రింగ్ రోడ్డు దగ్గర ఓంప్రకాష్ సేటు కార్ఖానాకు పోతాయి. అక్కడ బల్ల మీద పరిచి చూసేవాళ్ళు, దారం మిగిలిన చోట సుద్దతో ఒక గీత పెట్టి వెనక్కి పంపుతారు. సరిచేసి, గీతను తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పంపాలి. సరిచేసి తుడవడం మరిచిపోయారనుకోండి, చేసిన పని చెయ్యనట్టే. సేటు చూసేది గుడ్డను కాదు, గీతను. కొత్తగా వచ్చిన పిల్లలందరికీ బుచ్చవ్వ చెప్పే మొదటి మాట అదే. ఆమె కత్తిరించిన చీరకు మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్క గీత పడలేదు. పడినవన్నీ పక్కవాళ్ళవి, దిద్దింది ఆమె.

మరి మనవరాలు అనురాధ గురువారం సాయంత్రం గిటారు క్లాసు నుంచి వచ్చినప్పుడు ఆ పాట కాగితం నిండా గీతలే. పైగా పిల్ల ముఖం వాడిపోయి ఉంది.

“ఏమన్నది మీ మేడం?” అని అడిగింది బుచ్చవ్వ.

“సంచా లెక్క వాయిస్తున్నవు అన్నది.”

సంచా అంటే సూరత్‌లో పవర్‌లూమ్. అనురాధ తండ్రి సాంబయ్య పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడేది దాని ముందే.

“సంచా లెక్కనంటె మంచిదే గద బిడ్డా. ఆగకుంట నడుస్తది.”

“ఆగాల్నట బాపమ్మా. ఊపిరి తీస్కోవాల్నట.”

“గిటారుకు ఊపిరేందే?”

అనురాధ నవ్వలేదు. అది మూడు వందల ఏండ్ల కిందటి పాట అని, సరబాంద్ అంటారని, దూరదేశపు దొరలు మెల్లగా అడుగులేసి ఆడిన ఆట అని ఇదివరకే చెప్పింది. మూడేసి అడుగుల లయలో ఒకటి తేలిక, రెండు బరువు, మూడు ఆ బరువు మీదే వాలి ఉంటుంది. ఇప్పుడు ఇంకో మాట చెప్పింది. “రాసినాయిన నోట్లు రాసి పోయిండు బాపమ్మా. యాడ ఆగాల్నో, యాడ ఒత్తాల్నో రాయలే. అప్పటోళ్ళకు ఎరికేనట, రాసే పనే లేకుండె. ఇప్పుడు వాయించేటోళ్ళు దేవులాడుకోవాలె.”

“మరి గీ గీతలు?”

“మేడం పెట్టింది. పాతయి తీసేసి మళ్ళ మొదలుకెల్లి. రెండు గంటలు కూసున్నది నాతోని.”

ఆ మాట బుచ్చవ్వ చెవికి ఎలా వినపడిందంటే, రెండు గంటలు కూర్చుని తప్పులు పట్టింది అని వినపడింది. ఆ రాత్రి పిల్ల ఒక్కో గీత దగ్గర ఒక్కో ముక్క పదిసార్లు వాయించింది. ఎడమచేతి వేలు తీగ మీంచి కాస్త ముందే ఎత్తితే చిన్న సందు వస్తుంది. మోగుతున్న మందపు తీగను బొటనవేలి పక్కతో తాకి ఆపితే ఇంకొంచెం పెద్ద సందు వస్తుంది. శుక్రవారం పొద్దున లేచి మొత్తం వాయిస్తే ఎక్కడా తడబాటు లేదు. ఇంకేం, తప్పులు దిద్దినట్టే కదా. దిద్దాక గీతలు తుడవాలి కదా. పిల్ల మూట దించిరావడానికి పోయింది, మరిచిపోయింది, చిన్నపిల్ల. బుచ్చవ్వ తుడిచింది.

నాలుగింటికి అనురాధ వచ్చి, గిటారు ఒళ్ళోకి తీసుకుని, ఎడమకాలు పాత రంగుడబ్బా మీద ఆనించి, కాగితం ముందు పెట్టుకుంది. బుచ్చవ్వ కత్తెర ఆడిస్తూనే ఓరకంట చూస్తోంది, ఎప్పుడు మెచ్చుకుంటుందా అని.

పిల్ల కాగితాన్ని వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

“బాపమ్మా, దీని మీద గుర్తులేమైనయి?”

“తుడిసిన. ఇరువై మూడుండె. ఆదివారం పెద్దోళ్ళ ముంగట గీతలతోని పెడితె ఏమనుకుంటరు? అన్ని తప్పులు చేసే పిల్లనుకోరా?”

అనురాధ అరవలేదు. అరిచినా బాగుండేది. గిటారును మంచం మీద పడుకోబెట్టి, కుడిచేతి గోళ్ళను ఎడమ అరచేతిలో దాచుకుని కూర్చుంది. కాగితం వంకే చూస్తూ అంది, “అవి తప్పులు గావు బాపమ్మా. ఊపిర్లు.”

బుచ్చవ్వ కత్తెర కింద పెట్టింది.

ఆదివారం అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. వేసూలో మధులత మేడం పాఠం చెప్పే సంగీతం బడిలో చిన్నపిల్లలకు నేర్పడానికి ఒక్క మనిషిని తీసుకుంటున్నారు. ముగ్గురు కూర్చుని వింటారు. ఆ చోటు అనురాధకు దొరికితే దొరికినట్టు. దొరకకపోతే సోమవారం పొద్దున ఓంప్రకాష్ కార్ఖానాలో, తల్లి మంగ పక్కన ఖాళీగా ఉన్న పీట మీద కూర్చోవాలి. పెళ్ళిళ్ళ సీజను, చేతులు చాలడం లేదు. సాంబయ్య మాట ఇచ్చేశాడు. ఆ పీట మీద కూర్చుంటే మొదట పోయేవి గోళ్ళు. బిగిసిన దారాన్ని గోటితో లేపాలి కదా, వారం తిరక్కుండా విరిగి అరిగిపోతాయి. గిటారుకు కుడిచేతి గోళ్ళే గొంతు. అందుకే నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో దారం లేపే పని పిల్లను ముట్టుకోనియ్యకుండా బుచ్చవ్వే చేస్తోంది. అలాంటి మనిషి చేతులతోనే ఇలా జరిగింది.

“ఫోన్ల ఫోటో తీస్కోలేదా?”

“కాగితం నా దగ్గర్నే ఉన్నది గదా అనుకున్న.”

“మేడంకు ఫోన్ గొట్టు. నేనే తుడిసిన్నని చెప్పు. నాకు భయమేంది.”

“మేడం వడోదరాల పెండ్లికి పోయింది, ఆదివారం పొద్దున్నే వస్తది. గంతసేపు కూసోని రాసింది బాపమ్మా. ఏం మొకం పెట్టుకోని అడగాలె?” అని పిల్ల గిటారు ఎత్తుకుంది. మొదలుపెట్టింది. రెండో వరస దాకా బాగానే పోయింది. అక్కడ ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి ఇంకో చోట ఆగింది. నడిచే మనిషిని ఏ కాలు ముందు వేస్తున్నావని అడిగితే తట్టుకుని పడ్డట్టు అయింది. ఒక ఊపిరి ఇక్కడా అక్కడా అని అనుమానం వచ్చాక, నిన్నటిదాకా చేతికి తెలిసినవి కూడా జారిపోయాయి. చివరకు ఎక్కడా ఆగకుండా గడగడా వాయించేసింది. అచ్చం సంచా లాగానే.

సాంబయ్య షిఫ్టు దిగి వచ్చాడు. ముప్పై ఏళ్ళు మగ్గాల నడుమ నిలబడ్డ చెవులు, గట్టిగా మాట్లాడితే గాని వినపడదు. తన మాటా గట్టిగానే వస్తుంది.

“ఓంప్రకాష్ మళ్ళ అడిగిండు. సోమారం ఎనిమిదింటికల్ల రావాలెనన్నడు. నేను సరేనన్న.”

“ఆదివారం కానీయ్‌రా,” అంది బుచ్చవ్వ.

“కానీయ్ అవ్వా, నేను వద్దంటున్ననా? దొరికితె మంచిదే. దొరకకుంటె ఆదివారం పొద్దుమూకినంక గోర్లు తీసెయ్యుమను. పెద్దగోర్లతోని దారం లేపితె చీరకు చిల్లు పడ్తది.”

కఠినమైన మనిషి కాదు సాంబయ్య. పిల్ల వాయిస్తుంటే గిటారు చెక్క మీద అరచెయ్యి పెట్టి వింటాడు, చెవికి అందనిది చేతికి అందుతుందని. కాని మాటంటే మాట. అనురాధ తలెత్తకుండా కంచంలో అన్నం కలుపుతూనే ఉంది. ముద్ద మాత్రం నోటికి పోలేదు.

శనివారం మంగా సాంబయ్యా పనికి పోయాక, బుచ్చవ్వ చీర ఒళ్ళో వేసుకుని, కత్తెర పట్టుకుని, మనవరాలి ఎదురుగా కూర్చుంది.

బుచ్చవ్వకు చదువు లేదు గాని, మరుపు కూడా లేదు. ఏ చీర ఏ పండుగ ముందు వచ్చిందో, దాని కొంగు మీద ఎన్ని నెమళ్ళున్నాయో, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగి భోంచెయ్యకుండా పోయారో, పప్పులో ఉప్పెక్కువై పోయారా నిజంగా అలిగి పోయారా, అన్నీ చెబుతుంది. అడగకపోయినా చెబుతుంది.

“నేనొకటి చెప్త ఇను,” అంది. “గురువారం రాత్రి నువ్వు వాయించుడు, శుక్రారం పొద్దుగాల వాయించుడు, రెండు నాకు యాదికున్నయి. నాకంటె నా చేతికి ఎక్వ యాదికున్నయి. నువ్వు ఊపిరి తీసిన కాడల్ల నా కత్తెర పడ్డది. నువ్వు మొదటిసంది జర నిమ్మలంగ వాయించు. నా కత్తెర యాడ పడితె ఆడ గుర్తు పెట్టుకో.”

“బాపమ్మా, గట్లెట్లయితది?”

“ఏమో, అయితె అయితది. కాకపోతె చీరన్న అయితది.”

పిల్ల నవ్వింది. శుక్రవారం తర్వాత అదే మొదటి నవ్వు. మొదలుపెట్టింది.

బుచ్చవ్వ కళ్ళు మూసుకోలేదు. కళ్ళు మూస్తే పని సాగదు. దారం ఎత్తింది, ఆగింది. పాట రెండో అడుగు మీద వాలింది, దిగింది. కత్తెర టక్ అంది. ఇంకో దారం ఎత్తింది. ఈసారి పాట చాలా దూరం పోయింది, అంతదూరమూ దారం గాలిలోనే నిలిచింది. టక్. అనురాధ పెన్సిల్ తీసుకుని చిన్న కామా పెట్టింది. పెడుతూనే, “అవును, ఇక్కడనే,” అని గొణిగింది. మూడోది పడకముందే తనకే గుర్తొచ్చింది. ఒకటి దొరికితే పక్కది దానంతట అదే వస్తోంది. ప్రతి సగాన్నీ రెండుసార్లు వాయించాలి. మొదటిసారి బోసిమెడ, రెండోసారి గొలుసు వేసుకున్న మెడ అని అనురాధ చెప్పింది. రెండోసారి స్వరాల మీద గజ్జెలు కదిలినట్టు వేళ్ళు కదులుతాయి. గజ్జెలు ఎన్ని పెట్టినా కత్తెర మాత్రం అదే చోట పడింది.

పొద్దు తిరిగేసరికి ఇరవై రెండు గుర్తులు తిరిగి వచ్చాయి.

“ఇంకొకటుండాలె,” అంది బుచ్చవ్వ. “ఇరువై మూడు తుడిసిన.”

“నాకెరికే అది యాడనో. రెండో సగంల, గీ మందపు తీగ నోటు కాడ. దీని తర్వాత మేడం కామా పెట్టింది, మంచిగ యాదికున్నది. నువ్వే ఆడ కత్తెర ఎయ్యలే.”

“ఎయ్యలే. మళ్ళ వాయించు.”

వాయించింది. కత్తెర పడలేదు. మళ్ళీ వాయించింది. బుచ్చవ్వ చేతిలో దారం అలాగే నిలబడి, పాట దాటిపోయింది.

“గురువారం నువ్వాడ ఆగినవు బిడ్డా. నా కత్తెరే పడలే. అది తెగేది గాదు.”

“మరేంది?”

“అతుకు.”

అనురాధకు అర్థం కాలేదు. బుచ్చవ్వ చీర వెనక నుంచి రెండు దారప్పోగులు తీసింది. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుపచ్చది. “మా అత్త గుంటమగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు కోసి పారెయ్యకపోయేది. పాత పడుగు కొసలు మగ్గానికే ఉంచి, కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటి దానికి అతుకుతుండె. గిట్ల.” రెండు కొసలనూ బూడిద బదులు నేలమీది దుమ్మే వేలికి అద్దుకుని, కలిపి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒక్క మెలి తిప్పింది. ముడి లేదు. లాగితే నిలిచింది. “గీ మెలి ఉన్నదే, గిది ఎర్రదా పచ్చదా?”

“రెండు.”

“గదే. నీ మందపు తీగ నోటు గట్లాంటిది. ఎనకటి మాట ఆడ అయిపోతది, ముంగటి మాట ఆడనే మొదలైతది. గా నోటు తర్వాత ఊపిరి తీస్తె ముంగటి మాటకు తల తెగుతది. ముందల తీస్తె ఎనకటి దానికి కాలు తెగుతది.”

అనురాధ ఆ ముక్కను వాయించింది. ఈసారి ఆ నోటును పూర్తిగా మోగనిచ్చి, అది మోగుతుండగానే పై తీగను ఎత్తుకుంది. వాయించి, చేతులు తీగల మీద పెట్టి ఆపింది. మెడ వెనక చెమట తుడుచుకుంది.

“మేడం రాసింది గదా బాపమ్మా,” అంది మెల్లగా. “ముగ్గుర్ల ఆమె ఒకామె. ఆమె రాసింది వాయించకుంటె?”

బుచ్చవ్వ కత్తెర తీసుకుని చీర మీదికి వంగింది. ఒకసారి తన తెలివితో తుడిచి పిల్లను గోతిలోకి తోసింది. మళ్ళీ తన తెలివేనా? ఆ రాత్రి ఆమెకు ఇరవై రెండు వెనక్కి తెచ్చిన సంతోషం కన్నా, నోరుజారి అన్న ఆ ఒక్క మాటే మనసులో మెదులుతూ ఉంది. పడుకునే ముందు, “బిడ్డా, నేనన్నది మర్సిపో. మేడం రాసిందే వాయించు,” అంది. పిల్ల అప్పటికే గోడవైపు తిరిగి పడుకుంది. నిద్రపోయిందో లేదో తెలియదు.

ఆదివారం ఇద్దరూ ఆటోలో వేసూ పోయారు. మూడో అంతస్తు. లిఫ్టు తలుపు తనంతట తాను మూసుకుంటే బుచ్చవ్వ అనురాధ జబ్బ పట్టుకుంది. గది బయట అద్దం తలుపు. లోపల మూడు కుర్చీలు. నడుమ దాంట్లో మధులత మేడం, అటూ ఇటూ ఒక గుజరాతీ పెద్దాయన, ఒక చిన్న వయసు ఆవిడ. అనురాధ లోపలికి పోతూ తలుపు పూర్తిగా పడకుండా చెప్పు అడ్డం పెట్టి పోయింది, బాపమ్మకు వినపడాలని.

బుచ్చవ్వ సంచిలో చెయ్యి పెట్టుకుని నిలబడింది. చేతికి రబ్బరు ముక్క తగిలింది. ఎప్పుడు వేసుకుందో. దాన్ని పిడికిట్లో బిగించింది.

మొదటి సగం బోసిమెడతో అయింది. గొలుసుతో అయింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడ తీసుకుంది. మధులత మేడం అవే గుర్తులున్న తన కాగితం మీద పెన్సిల్ నడుపుతూ తల ఊపుతోంది. రెండో సగం మొదలైంది. మందపు తీగ నోటు దగ్గరికి వస్తోంది. ఆగు బిడ్డా, మేడం చెప్పినట్టు ఆగు, అని బుచ్చవ్వ పెదవులు కదిలాయి.

అనురాధ ఆగలేదు. నోటు మోగుతుండగానే పైది ఎత్తుకుంది.

మేడం పెన్సిల్ ఆగింది. రెండోసారి అదే చోట పిల్ల మళ్ళీ అదే చేసింది, ఈసారి పైన చిన్న గజ్జె కూడా పెట్టి. పాట అయిపోయింది. తీగలు చల్లారాక మేడం తలెత్తింది.

“అనురాధా,” అంది మధులత మేడం, “ఇక్కడ ఊపిరి తీసుకోమని రాశాను కదమ్మా. మరిచిపోయావా?”

బుచ్చవ్వ తలుపు తోసుకుని లోపలికి పోయింది. చెప్పులు విడిచే పోయింది. “మేడం, పిల్లను అనకుండ్రి. మీ రాతంత నేనే తుడిసిన. సదువు రానిదాన్ని. తప్పులనుకున్న.”

గుజరాతీ పెద్దాయన హిందీలో ఎవరీమె అని అడిగాడు. మధులత మేడం చెయ్యి ఎత్తి ఆగమంది. “అన్నీ తుడిచేశారా? మరి మిగతావన్నీ సరిగ్గా ఎలా వాయించింది?”

“యాదికి తెచ్చుకున్నం,” అంది బుచ్చవ్వ.

“అయితే ఈ ఒక్కటి గుర్తురాలేదన్నమాట.”

బుచ్చవ్వ తల ఊపబోయింది. అదే మంచి దారి. ముసలిదాని మీద పడితే పిల్ల బయటపడుతుంది. కాని అనురాధ లేచి నిలబడింది.

“గుర్తుంది మేడం. నాకు బాగా గుర్తుంది. నేనే తీసుకోలేదు. అది ఆగే చోటు కాదనిపించింది.” ఆ పైన కంగారులో తెలుగు మరిచి హిందీలోకి దిగి, మళ్ళీ తెలుగులోకి వచ్చింది. “ఆ నోటు రెండు వైపులది మేడం. అతుకు.”

మధులత మేడం కాగితం మీదకు వంగింది. “మళ్ళీ వాయించు. నేను రాసినట్టు ఒకసారి. నీది ఒకసారి.”

వాయించింది. రెండూ విన్నాక మేడం పక్కావిడతో ఏదో గుసగుసలాడింది. ఆమె భుజాలెగరేసింది. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. మధులత మేడం బల్ల మీద ఏదో వెతుకుతోంది. కాగితాలు ఎత్తి చూసింది, పర్సు తెరిచి చూసింది. ఆమె వెతికేది ఏమిటో ఆ గదిలో బుచ్చవ్వ ఒక్కతికే అర్థమైంది. పిడికిలి విప్పి, చెమటకు తడిసిన ఆ ముక్కను బల్ల మీద పెట్టింది.

మేడం దాన్ని తీసుకుని, తన కాగితం మీది ఒక్క గుర్తును తుడిచింది. పొట్టు ఊదేసింది. “థాంక్సండీ పెద్దమ్మగారూ,” అని రబ్బరు తిరిగి ఇచ్చింది.

సాయంత్రం ఫోన్ వచ్చింది. సోమవారం నాలుగింటికి రమ్మంది మేడం. చిన్నపిల్లలు, ఎనిమిది మంది. ఇంకో మాట కూడా చెప్పింది: “వాళ్ళ కాగితాల మీద ముందే ఏమీ రాయకు. ఖాళీవే ఇవ్వు.”

మంగ పిల్లను దగ్గరికి తీసుకుని కళ్ళొత్తుకుంది. సాంబయ్యకు విషయం రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. విన్నాక ముఖం వెలిగింది, వెంటనే నీరుగారింది. “మరి ఓంప్రకాష్‌కు ఏం చెప్పాలె? వేరేటోళ్ళను వద్దని చెప్పిండు నా మాట మీద. రేపు ఆ పీట ఖాళీగుంటె నా మొకం ఏడ పెట్టుకోను?”

“ఖాళీగెందుకుంటది?” అంది బుచ్చవ్వ. “నేను పోత.”

“అవ్వా, ఈ వయసుల మూడంతస్తులెక్కి...”

“ఇంట్ల చేసేదే ఆడ చేస్త. ఒకరిని పంపుతనన్నవు గద, పేరు చెప్పినవా?”

సాంబయ్య వద్దంటాడేమో అని అందరూ చూశారు. అతను అనలేదు. తల్లి అరిగిన గోళ్ళ వంక చూశాడు, కూతురి పెరిగిన గోళ్ళ వంక చూశాడు, చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

సోమవారం ఎనిమిదింటికి బుచ్చవ్వ కోడలి పక్కన పీట మీద కూర్చుంది. మెట్లు ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఆగింది. ఇంట్లో కిటికీ ఉంది, ఇక్కడ ట్యూబులైటు. ఇంట్లో పాట ఉంది, ఇక్కడ ముప్పై కత్తెర్ల చప్పుడు. పొద్దంతా చెయ్యి సంచాలాగా నడిచింది. గోడ గడియారం నాలుగు కొట్టాక, తనకు తెలియకుండానే గొంతులో పాట మొదలైంది. దారం ఎత్తింది. టక్. ఇంకోటి ఎత్తింది. టక్. ఇప్పుడు వేసూలో ఎనిమిది ఖాళీ కాగితాలు విప్పుకుని ఉంటారు. టక్.

అరగంటకు బల్ల దగ్గరి నుంచి చీర వెనక్కి వచ్చింది. నడుమ తెల్లటి సుద్దగీత.

మంగ చూసి నోరు నొక్కుకుంది. “అత్తా, నీ చీరేనా? నీ చీరకు గీతా?”

బుచ్చవ్వ గీత దగ్గరికి వంగి చూసింది. ఒక ఎర్రపువ్వుకూ పచ్చపువ్వుకూ నడుమ దారం అలాగే ఉంది, కత్తెర ముట్టలేదు. మనసులో పాట ఎక్కడిదాకా వచ్చినప్పుడు ఆ పువ్వుల మీదికి చెయ్యి వచ్చిందో ఆమెకు తెలిసిపోయింది, ఆ అతుకు దగ్గరికి.

“కండ్లు కనవడ్తలెవ్వా అత్తా? జల్ది తుడువు, సేటు వస్తుండు.”

“కండ్లు మంచిగనే ఉన్నయే,” అంది బుచ్చవ్వ. దారం ఎత్తి కత్తిరించింది. తడిగుడ్డ తీసుకుని గీతను తుడవబోతూ, ఒక్క ఊపిరి ఆగింది.

“ఇది మాత్రం తప్పే బిడ్డా,” అని తుడిచింది.